నాగసిరి మొగుడి సంతకం

ఈ మధ్య పాతకాలపు ఆడవాళ్ళకి మంచి గిరాకీ వచ్చింది. బతికున్న ఆడదాని మాట వినడానికి ఎవరికీ తీరిక లేదు గానీ, చచ్చి రెండు వేల ఏళ్ళయిన ఆడదాని గొంతు వినాలని మాత్రం ఊరూరా తహతహగా ఉంది. పత్రిక తెరిస్తే వాళ్ళే, సభ పెడితే వాళ్ళే. పురాణాల్లో ఉన్నవాళ్ళందరినీ ఎవరో ఒకరు ముందే పట్టుకుపోయారు. ఇక మిగిలింది బౌద్ధ భిక్షుణులు. వాళ్ళ మీద ఇంకా ఎవరి కన్నూ పడలేదని కనిపెట్టి, మా జిల్లాలో ఒక సంస్థ వెలిసింది. దాని పేరు విస్మృత బౌద్ధ నారీ పునఃకథన సంస్థ. బోర్డు మీద ఆ పేరు పట్టక చివరి రెండక్షరాలు గోడ మీద రాయించారు.

సంస్థ కార్యవర్గంలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. ఇది కేవలం యాదృచ్ఛికమని సంచాలకులు వేదాటి శేషాచలపతిగారు ఎవరూ అడక్కముందే ప్రకటించారు.

నా పేరు చుండూరి సువర్చల. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అప్పుడప్పుడూ కథలు రాస్తాను. ఆ సంస్థ వాళ్ళు నన్ను పిలిచి, మన ప్రాంతపు భిక్షుణి ఒకామె జీవితాన్ని నవలగా రాసిపెట్టమన్నారు. నేను ఎగిరి గంతేశాను. నాకు అలాంటావిడ ఒకరు ముందే తెలుసు మరి.

మా నీలిపాలెం పొలిమేరలో ఒక మట్టిదిబ్బ ఉంది. తవ్వితే కింద ఇటుకల స్తూపం, పక్కనే భిక్షుణులు ఉన్న గదుల పునాదులు బయటపడ్డాయి. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని ఇప్పటికీ లంజదిబ్బ అనే అంటారు. మగదిక్కు లేకుండా కొందరు ఆడవాళ్ళు ఒకచోట కూడి చదువుకున్నారంటే మన జనానికి తోచిన పేరు అది! ఆ దిబ్బలో దొరికిన ఒక పొడుగాటి రాతి పలక మీద ఒకే ఒక్క వరుస ఉంది. "భిక్షుణి నాగసిరి దానం." అంతే. మిగతా రాళ్ళ మీద ఫలానావాడి భార్య అనో, ఫలానావాడి కూతురనో రాసి ఉంటుంది. ఈవిడ ఒక్కత్తే ఎవరి తాలూకూ కాదు. భిక్షాపాత్ర తప్ప సొంతానికి ఏమీ లేని మనిషి అంత రాయి ఎలా దానం చేసింది? ఆ ప్రశ్న నన్ను ఉద్యోగం చేసినంత కాలం తినేసింది. ఆ పేరు ఒక పుస్తకం అట్ట మీద చూడాలని నా కోరిక. అంతకు మించి నాకు ఆ సంస్థతో ఏ పనీ లేదు.

రచయిత్రికి ప్రేరణ కలగాలని ఆ రాయిని సంస్థ వరండాలోకి తెప్పించారు. చాలా మంచి ఆలోచన అనుకున్నాను. మొదటి సమావేశానికి వెళ్ళి, కిటికీలోంచి అది కనిపించే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

శేషాచలపతిగారు గొంతు సవరించుకున్నారు. "ఈ పథకానికి ప్రాణం ప్రామాణికత. భిక్షుణుల కథలను భిక్షుణుల కాలపు నియమాలతోనే నిర్వహించవలెనని సంస్థ తీర్మానించినది. స్త్రీలు సంఘంలో చేరుటకు ఎనిమిది గురుధర్మములు విధింపబడినవి గదా! అవి ఈ సంస్థలో రచయిత్రులకు యథాతథంగా వర్తిస్తాయి."

"అంటే ఏమిటండీ?" అన్నాను.

"మొదటి నియమం. నూరేళ్ళ నుంచి సంఘంలో ఉన్న భిక్షుణి అయినా సరే, ఆ రోజే చేరిన భిక్షువు ఎదురైతే లేచి నిలబడి నమస్కరించవలెను."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. ఆయన పేరు బాపినీడు, బజార్లో సిమెంటు కొట్టు. ఆ పొద్దున్నే కార్యవర్గ సభ్యుడిగా నామినేట్ అయ్యాడట. గదిలో ఉన్న మగవాళ్ళంతా నావైపు చూశారు. నాకు అర్థం కాలేదు.

"మేడమ్ గారూ, తమరు లేవాలి," అన్నారు సంచాలకులు మెల్లగా.

"ఏం లేదమ్మా, మీరు కాస్త లేస్తే పనైపోద్ది. నాక్కూడా మొహమాటంగానే ఉంది," అన్నాడు బాపినీడు. మొహమాటంగా ఉన్నా నేను లేచేదాకా కూర్చోలేదు. నాగసిరి పుస్తకం కోసం లేచాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఆయన మంచినీళ్ళకని బయటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా మళ్ళీ లేచాను. బాపినీడుకి షుగరు ఉందని ఆ రోజే తెలిసింది.

ఆ ఎనిమిదికీ తోడు చేర్చిన ఇంకో నియమం ఇంకా బాగుంది. సంఘంలో చేరే స్త్రీకి భర్త అంగీకారం ఉండాలి కాబట్టి, నవల రాసే స్త్రీకీ ఉండాలి. ఇంటికి వెళ్ళి కాగితం ముందు పెడితే మా ఆయన ప్రభాకరం కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు.

"ఇన్నాళ్ళూ నేను అనుమతి ఇవ్వాలని నాకు ఒక్క ముక్క చెప్పావు కాదే! ఒకటి రెండు కథలైనా ఆపేవాణ్ణి," అన్నాడు.

"సంతకం పెడతావా, పెట్టవా?"

"పెడతాను తల్లీ. ముందు కాఫీ ఇయ్యి."

అలా మా ఇంటి అనుమతి ఒక గ్లాసుడు కాఫీతో వచ్చేసింది. నాగసిరి ఇంటి అనుమతి కూడా కావలసి వస్తుందని అప్పటికి నాకు తెలియదు.

నవల మొదలుపెట్టాను. రాతి మీద ఉన్నది ఒక్క వరుసే గనక మిగిలినదంతా నేనే ఊహించుకోవాలి. ఇల్లు వదిలి సంఘంలో చేరిందంటే ఏదో ఒక ఇల్లు ఉండాలి కదా అని, మా సముద్రపు ఒడ్డు ఉప్పుకొఠార్ల దగ్గర ఆవిడకి ఒక ఇల్లు కట్టాను. ఇల్లు ఉంటే మొగుడు ఉండాలి కదా అని, విసాఖుడని ఒక ఉప్పు వర్తకుణ్ణి పెట్టాను. వాడు పెళ్ళాన్ని మనిషిలా చూడడు. ఉప్పు గంపలు మోసి మోసి ఆవిడ అరచేతులు పగిలిపోతాయి, ఆ చేతులతోనే వాడికి అన్నం పెట్టాలి. ఒక పొద్దున నాగసిరి ఉప్పు కొలిచే కుంచాన్ని గడప మీద బోర్లించి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోతుంది. ఆ పేజీ రాసిన రోజున నాకు అన్నం సయించలేదు. విహారంలో చదువు నేర్చుకుంటుంది, చిన్నవాళ్ళకి నేర్పుతుంది, వాళ్ళు పెద్దవాళ్ళై ఇల్లిల్లూ తిరిగి ఆవిడ పేర రాయి చెక్కిస్తారు. నా ప్రశ్నకి నేను వెతుక్కున్న జవాబు అది. రాత పూర్తి చేసి, పొంగిపోతూ తీసుకెళ్ళి ఇచ్చాను.

వారం తిరక్కుండానే పిలుపు వచ్చింది.

"నవల రసవత్తరంగా ఉన్నది," అన్నారు శేషాచలపతిగారు. "కానీ ఒక సాంకేతిక లోపం. మూడవ అధ్యాయంలో నాగసిరిగారు భర్త అనుమతి లేకుండా సంఘంలో ప్రవేశించారు. ఇది నియమ విరుద్ధం. సదరు విసాఖుడిగారి నుంచి నిరభ్యంతర పత్రం సమర్పించండి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆయన లేడండీ. నేను కల్పించాను."

"కల్పించింది మీరే కావచ్చు. భర్త మాత్రం ఆవిడకి కదా!"

"సరే, అయితే ఆయన ఒప్పుకున్నట్టు ఒక వాక్యం రాసేస్తాను."

శేషాచలపతిగారు కుర్చీలో వెనక్కి జరిగారు. "ఆయన తరఫున మీరెలా రాస్తారు? అది ఫోర్జరీ అవుతుంది మేడమ్. చదువుకున్నవారు, తమరే ఇలా అంటే ఎలా? ఆయన గానీ, ఆయన వారసులు గానీ వచ్చి స్వహస్తాలతో ఇవ్వాలి."

"రెండు వేల ఏళ్ళ కిందటి మనిషికి వారసుల్ని నేనెక్కడ తెచ్చేది?"

"ఆ శ్రమ తమకెందుకు? పత్రికా ప్రకటన ఇస్తాం," అన్నారాయన, ఎంతో దయగా.

ఇచ్చారు కూడా. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఉప్పు వర్తకుడు విసాఖుడు అను వ్యక్తి భార్య నాగసిరి అను ఆమె భిక్షుణి అగుటకు అభ్యంతరములున్నవారు కార్యాలయ వేళలలో సంప్రదించగలరు." పక్కన సెకండ్ హ్యాండ్ మోటార్ల ప్రకటన ఉంది. అది చూసి మా ఆయన కిందామీదా పడి నవ్వాడు. ఎవడొస్తాడులే అని నేనూ నవ్వాను.

మర్నాడే వచ్చారు. ఒక్కరు కాదు, మూడు ఆటోల నిండా వచ్చారు. అందరికీ ముందు ఉప్పు వర్తకుల సంఘం అధ్యక్షుడు మువ్వల దశరథరామయ్య. మెళ్ళో కండువా, చేతిలో నా మూడో అధ్యాయం జిరాక్సు. అది ఆయన చేతికి ఎలా వెళ్ళిందో సంస్థలో ఎవరికీ తెలియదట.

"ఏందమ్మా ఈ రాత?" అన్నాడు నన్ను చూడగానే. "మావాడు పెళ్ళాం చేత గంపలు మోయిస్తాడా? అన్నం పెట్టే చేతుల్ని పగలగొట్టిస్తాడా? మా ఉప్పోళ్ళ ఇళ్ళల్లో ఆడది కుంచం బోర్లించి పోయిన చరిత్ర ఉందా? చెప్పు!"

"దశరథరామయ్యగారూ, ఆ మనిషి నా బుర్రలో పుట్టాడండీ. మీకూ ఆయనకీ ఏ సంబంధమూ లేదు."

"సంబంధం లేదంటావా! ఆయన అమ్మింది ఏంది?"

"ఉప్పు."

"మేం అమ్మేది ఏంది?"

"ఉప్పు."

"మరింకేం? మా ముత్తాతల ముత్తాత. మా మనసులు గాయపడ్డయ్యి." వెనకాల ఉన్నవాళ్ళంతా గాయపడ్డట్టు తలలు ఊపారు. ఒకాయన అప్పుడే ఏడుపు మొదలుపెట్టాడు గానీ, పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆపేశాడు.

శేషాచలపతిగారి మొహం చూడాలి. అంతకాలం ఆ కార్యాలయానికి కరెంటు బిల్లు తెచ్చేవాడు తప్ప ఎవరూ రాలేదు. ఇప్పుడు ఏకంగా వారసులు దిగారు. "చూశారా మేడమ్, మన పథకానికి ఎంత ప్రజాస్పందన!" అని నా చెవిలో చెప్పి, అక్కడికక్కడే ఒక కుటుంబ సయోధ్య ఉపసంఘం వేసేశారు. దాని అధ్యక్షుడు బాపినీడు. ఇద్దరు కూతుళ్ళ కాపురాలు చక్కదిద్దిన అనుభవం ఆయనకి ఉందట.

విచారణ రోజున భర్త తరఫున దశరథరామయ్య గంటసేపు మాట్లాడాడు. విసాఖుడు నెమ్మదస్తుడనీ, పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ ఉప్పులేని కూడే తిన్నాడనీ చెప్పాడు. నేను రాయని సంగతులన్నీ ఆయనకి తెలుసు. వింటూ వింటూ ఉపసంఘం సభ్యులు చేతిరుమాళ్ళు తీశారు.

"నాగసిరి తరఫున నేను మాట్లాడతాను," అని లేచాను.

"తమరు ఆమె పక్షపాతి," అన్నారు సంచాలకులు. "నవలంతా ఆమెనే వెనకేసుకొచ్చారు. పైగా ఆమె సన్యసించింది. సన్యసించినవారికి కుటుంబ వివాదాల్లో ప్రాతినిధ్యం ఉండదు."

"సన్యసించడానికేమో అనుమతి లేదంటున్నారు. మాట్లాడటానికేమో సన్యసించిందంటున్నారు. ఏదో ఒకటి తేల్చండి మహాప్రభో!"

"ఆవేశపడకండి. ఆమెకూ అవకాశం ఇస్తాం. బౌద్ధ సంఘంలో తీర్మానాన్ని మూడుసార్లు చదివేవారు. మాట్లాడకుండా ఉన్నవారు ఒప్పుకున్నట్టే లెక్క. అదే పద్ధతి పాటిద్దాం."

అందరం వరండాలోకి నడిచాం. రాతి పలక ముందు బాపినీడు నిలబడి కాగితం విప్పాడు. "అమ్మా నాగసిరీ, మీ ఆయన మంచోడేనని తేలింది. జరిగిందేదో జరిగిపోయింది. నువ్వు తిరిగి కాపురానికి పోవాలని సంఘం కోరతా ఉంది. ఇష్టం లేకపోతే చెప్పు." మూడుసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ అందరూ ఆగి, రాయి వైపు చెవులు రిక్కించి చూశారు. ఒట్టేసి చెబుతున్నాను, నేను కూడా చూశాను. ఒక్కసారైనా నోరు తెరిచి వాళ్ళని నాలుగు దులిపితే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది.

రాయి మాట్లాడలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

దాని ప్రకారం నాలుగో అధ్యాయంలో నాగసిరి విహారం గుమ్మం దాకా వెళ్ళి, మొగుడు గుర్తొచ్చి, వెనక్కి వచ్చేస్తుంది. బోర్లించిన కుంచాన్ని తనే తిప్పి పెడుతుంది. నవల పేరు "నాగసిరి కాపురం."

"మరి రాతి మీద భిక్షుణి అని ఉందే, దాన్నేం చేస్తారు?" అని అడిగాను.

"ఆ మాటని పూర్వాశ్రమంలో కలిగిన ఒక ఆలోచనగా అన్వయించుకోవచ్చును," అన్నారు శేషాచలపతిగారు.

ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా బల్ల ముందు కూర్చున్నాను. మొదటి పేజీ నుంచీ విసాఖుడు కనిపించిన చోటల్లా కొట్టేస్తూ పోయాను.

మా ఆయన తొంగిచూశాడు. "పాపం, వాణ్ణి చంపేస్తున్నావా?"

"చంపటం లేదు. పుట్టించటం మానేస్తున్నాను. మొగుడే లేకపోతే వీళ్ళు ఎవరి సంతకం అడుగుతారో చూస్తాను."

"కాఫీ తాగుతావా?" అన్నాడు. ఆయనే పెట్టుకొచ్చాడు. అందులో పంచదార మర్చిపోయాడు గానీ తాగేశాను.

కొత్త ప్రతిలో నాగసిరి తనకి తానుగా వస్తుంది, ఎవరి ఇంటి నుంచీ కాదు. రాతి మీద ఎలా ఉందో అలాగే. అది పట్టుకెళ్ళి సంచాలకుల బల్ల మీద పెట్టాను. ఆయన తిరగేశారు. మళ్ళీ మొదటికొచ్చి తిరగేశారు.

"విసాఖుడుగారు ఏరీ?"

"లేరు. ఎప్పుడూ లేరు. అందుకని అనుమతి అక్కర్లేదు."

"లేరని ఎలా అంటారు మేడమ్?" ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "సంఘం గుర్తించిన వ్యక్తి. ఆయన మీద మా దగ్గర లావుపాటి ఫైలుంది, వారసులున్నారు. వచ్చే నెల చౌరస్తాలో విగ్రహం కూడా వస్తోంది, బాపినీడుగారు చేయిస్తున్నారు. నాగసిరిగారికి ఏముంది? ఒక్క వరుస. ఆధారాల దృష్ట్యా చూస్తే, సందేహించవలసి వస్తే ఆమె ఉనికినే సందేహించాలి."

"అయితే నా పేరు తీసేయండి. ఆ కాపురం నవల మీద నా పేరు ఉండటానికి వీల్లేదు."

"భేషుగ్గా తీసేస్తాం. ఇంకా ప్రామాణికంగా ఉంటుంది. ఆ కాలంలో స్త్రీలు పేర్లు వేసుకునేవారు కాదు."

"వేసుకున్నారండీ! మీ వరండాలోనే ఉంది చూడండి!" అని ఆయన్ని చెయ్యిపట్టుకుని లాక్కెళ్ళినంత పని చేశాను. వరండాలో రాయి లేదు. అది ఆనిన చోట గోడ మీద సున్నం తెల్లగా ఉంది.

"తరలించాం," అన్నారాయన. "కంగారు పడకండి. అత్యంత గౌరవస్థానంలో ఉంచాం. ఆవిష్కరణ రోజున తమరే చూస్తారు. అన్నట్టు, విస్మృత మహిళల గురించి ప్రధాన ప్రసంగం తమరిదే. కరపత్రంలో పేరు వేయించాం కూడా."

వెళ్ళకపోదును. ఆ రాయి ఎక్కడుందో చూడాలి కాబట్టి వెళ్ళాను. చౌరస్తాలో షామియానా వేశారు, బ్యాండు మోగుతోంది. ముసుగు అప్పటికే తీసేశారు. విసాఖుడు నిలువెత్తు సిమెంటులో నిలబడి ఉన్నాడు, చేతిలో ఉప్పు కుంచం. మీసాలు అచ్చం దశరథరామయ్యవి. నేను మీసాలు రాయలేదు. పీఠం మీద పాలరాయిలో "ఆదర్శ గృహస్థు" అని ఉంది, కింద దాతల పేర్లు వరసగా ఉన్నాయి. నాగసిరి అనే అక్షరాలు ఎక్కడా లేవు.

జనం ఒక్కొక్కరే పీఠం ముందున్న మెట్టు ఎక్కి, చెప్పులు విప్పకుండానే విసాఖుడి మెళ్ళో దండలు వేసి దిగుతున్నారు. పీఠం చుట్టూ తిరిగాను. ఎక్కడా కనిపించలేదు.

"రాయేదీ బాపినీడుగారూ?" అని అడిగాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "మెట్టు చూశారా అమ్మా? అదే. అంత పొడుగు రాయి బయట ఎక్కడ దొరుకుద్ది చెప్పండి! ఎంతమంది ఎక్కినా కదల్లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "అక్షరాలున్నాయి గదా, తొక్కితే సరస్వతికి దోషం. అందుకని దగ్గరుండి బోర్లా తిప్పించి పరిపించా. లోపల అక్షరం కూడా చెక్కు చెదరకుండా సిమెంటు పోయించా."

ఎవడో లావుపాటాయన దండతో ఎక్కాడు, దిగాడు. ఆ సందు దొరగ్గానే వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చున్నాను. చల్లగా ఉంది. అరచెయ్యి ఆనించాను. నేను ఎన్ని వందల సార్లు వేలితో తడిమి చదివిన పేరది! అది నా కిందే ఉంది, మట్టి వైపు తిరిగి ఉంది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, అక్కడే, బ్యాండు వాళ్ళ ఎదురుగా.

ఇంతలో కారు ఆగింది. ఆ ఉదయమే నియమితులైన సంస్థ అధ్యక్షులు దిగుతున్నారని మైకులో చెప్పారు. అందరూ సర్దుకు నిలబడ్డారు. శేషాచలపతిగారు పరుగున నా దగ్గరికి వచ్చారు.

"మేడమ్, లేవండి. అధ్యక్షులవారు వస్తున్నారు. మొదటి నియమం!"

"లేవను."

"దండ వేయాలి మేడమ్, దారికి అడ్డంగా ఉన్నారు. పెద్దవారు, అందరూ చూస్తున్నారు. లేవండి!"

"ముందు ఆవిణ్ణి లేపండి. అప్పుడు నేను లేస్తాను."

"ఎవరిని?"

"నాగసిరిని."

ఆయన నా కింద ఉన్న రాయిని చూశారు. పాపం, ఒక్క క్షణం నిజంగానే ఆలోచించారు. తర్వాత తలెత్తి విగ్రహం వైపు చూశారు, ఆ తర్వాత దశరథరామయ్య వైపు చూశారు. చివరికి చేతులు నలుపుకుంటూ వంగి, ఎవరికీ వినపడకుండా అన్నారు.

"లేపడానికి నాకేమీ అభ్యంతరం లేదు మేడమ్. కానీ వాళ్ళాయన అంగీకారం కావాలి కదా!"

వాళ్ళాయన మెడ నిండా దండలతో పైన నిలబడే ఉన్నాడు. నేను కూర్చునే ఉన్నాను.